తడపని గుడ్డ

చిన్నకోడలు రేపటి గురించి మాట్లాడేటప్పుడు పెద్దకోడలు మిషను ఆపాలి. ఆ దుకాణంలో ఈ నియమం ఎవరూ పెట్టలేదు. దానంతటదే వచ్చి కూర్చుంది. చిన్నకోడలు కటింగు బల్ల చివర వీడియో తీసుకోవడానికి సుద్దల డబ్బాకు ఫోను ఆనించేది, మెడలోని టేపు సరిచేసుకునేది, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకునేది. అంతే, పెద్దకోడలి పాదాలు పెడల్ మీద ఆగిపోవాలి. కుట్టు సగంలో ఉన్నా సరే, సూది గుడ్డలో దిగి ఉన్నా సరే.

"అందరికీ నమస్కారం. ఇది రేపటి మాట. ఇవాళ వెతకడం గురించి చెప్తాను. ఇక ముందు మనం నెట్‌లో ఏదీ వెతకం. అడుగుతాం, అది చెప్తుంది. ఇంకొన్నాళ్ళు పోతే అడక్కముందే చెప్తుంది. సుఖంగానే ఉంటుంది. కానీ వెతుక్కుంటూ పోతే దారిలో మనం అనుకోనివి దొరుకుతాయి చూడండి, అవి దొరకవు. ఇంకోటి కూడా పోతుంది. పక్కనున్న మనిషిని అడగడం మర్చిపోతాం."

పెద్దకోడలి చూపు ఆ మెడలోని టేపు మీద ఉంది. కొలిచేది ఫోనుతో, టేపు మాత్రం సింగారానికి.

మాట అయిపోయాక చిన్నకోడలు ఫోను తీసి, "అయిందక్కా" అంది. ఆ 'అయిందక్కా' అనే మాటకోసం కాచుకుని కూర్చోవడమే పెద్దకోడలికి ఒంటిమీద తేళ్ళు పాకినట్టుండేది. మిషను మళ్ళీ తొక్కింది. ఆపిన చోట దారం వదులై కుట్టు ఉండకట్టింది. దాన్ని గోటితో లాగి మళ్ళీ వేసుకుంది.

గుండీలు, దారపు రీళ్ళు తెచ్చిచ్చే ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళుగా వచ్చి తిన్నగా పెద్దకోడలి మిషను దగ్గరే సంచీ దించేవాడు. ఇప్పుడు బల్ల దగ్గరికి పోయాడు.

"చిన్నమ్మా, ఈ ఫోటోలూ వీడియోలూ ఇక నమ్మడానికి లేదని నిన్న చెప్పారు కదా, మా ఆవిడకి వినిపించాను. అయితే ఇంక దేన్ని నమ్మాలీ అని అడిగిందండీ."

"రేపు ప్రతిదాన్నీ ఇది నిజమేనా అని అడగాల్సి వస్తుంది బాబాయ్. అప్పుడు చేత్తో ముట్టుకుని చెప్పగలిగినవాళ్ళ దగ్గరికే జనం వెళ్తారు."

"అబ్బ! ఎంత చక్కగా చెప్పారూ!"

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి పెద్దకోడలి భర్త కళ్ళెగరేశాడు. ఆయన మరదలికి పెట్టిన పేరు సోదెమ్మ. ఎదురుగా ఎప్పుడూ అనలేదు కానీ భార్యతో అనేవాడు. భార్య నవ్వకపోతే ఇంకొకటి కూడా అనేవాడు. "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు. నువ్వు చెవులు పట్టుకుని కూర్చో." ఇందులో ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. ఆవిడకు మాత్రం రాత్రి అన్నం సయించేది కాదు.

చిన్నదాని మాటలు ఊరంతా విన్నా పెద్దకోడలు ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఒక్కటే, కత్తెర. ఏ దర్జీ దుకాణంలోనైనా కుట్టేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు. కోసేది ఒక్కరే. గుడ్డ మీద కత్తెర వేసే మనిషే మాస్టరు. తక్కినవాళ్ళు ఆ మాస్టరు కోసిచ్చింది కుట్టేవాళ్ళు. ఇక్కడి మాస్టరు వాళ్ళ మామగారు. ఆయన కళ్ళలో పొర కమ్ముతోంది. సుద్దగీత రెండుగా కనిపిస్తోందని ఈ మధ్యే నోరు తెరిచి చెప్పాడు. "ఈసారి బడి బట్టలు అయిపోనీ. ఆ తరవాత కత్తెర దించేస్తాను" అన్నాడు. ఎవరి చేతికో అనలేదు. పెద్దకోడలు అడగలేదు. అడిగి తెచ్చుకుంటే అది ముష్టి అవుతుంది.

*

బడిలో కొలతలు తీసే రోజున పెద్దకోడలు కూడా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో వెళ్ళాక తెలియలేదు. పిల్లల్ని వరసగా గోడ దగ్గర నిలబెట్టి చిన్నకోడలు ఫోను ఎత్తేది. పిల్ల ఒకసారి ముందుకు, ఒకసారి పక్కకు తిరిగేది. అంతే. టేపుతో చంకల కింద చెయ్యి పోనిచ్చినప్పుడు కితకితలతో మెలికలు తిరిగే పిల్లలు, 'కదలకమ్మా బంగారం' అనే మాటలు, ఏవీ లేవు. పెద్దకోడలు టేపును వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది.

ఒక పిల్ల దగ్గర చిన్నకోడలు ఆగింది. తెరని దగ్గరగా చూసుకుని, ఆ పిల్ల భుజాలు రెండు చేతులతో తడిమింది.

"అక్కా, ఈ పాపకి ఎడమ భుజం కాస్త దిగువ. చూశావా?"

పెద్దకోడలు ఆ పిల్లకు బడిలో చేరినప్పటి నుంచీ కుడుతోంది. గౌను ఎప్పుడూ ఒక పక్కకు జారుతుంటే మెడ దగ్గర బిగించి ఇచ్చేది. నిలబడటం చేతకాని పిల్ల అనుకునేది. ఇప్పుడు చూస్తే భుజం దిగువగానే ఉంది. ఇన్నేళ్ళూ దిగువగానే ఉంది.

"ఇన్నాళ్ళకి ఒకరు కనిపెట్టారు" అంది హెడ్మిస్ట్రెస్. "వాళ్ళమ్మతో చెప్తాను, డాక్టరుకి చూపిస్తుంది. మంచి పని చేశావమ్మా."

"నాదేముందండీ, ఫోను చెప్పింది" అంది చిన్నకోడలు.

ఆ వినయం కూడా పెద్దకోడలికి గోరుచుట్టు మీద రోకటిపోటే. పొగరుగా అన్నా కాస్త బాగుండేది. తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

*

మర్నాడు గుడ్డ వచ్చింది. ప్రతిసారీ మాస్టరు తెప్పించే మిల్లు గుడ్డ కాదిది. చిన్నకోడలు నెట్‌లో చూసి తెప్పించిన బూడిదరంగు నూలు తాను. ఉతికి పంపిన గుడ్డ, తడిపే పనిలేదు, పొట్టిపడదు అని ఆ పేజీలో రాసి ఉందట.

పెద్దకోడలు ఆ తాను అంచు పట్టుకుంది. చేతికి అందిన గుడ్డని పిడికిట్లో నలపడం ఆవిడకు అలవాటు. అది అత్తగారి అలవాటు. అత్తగారు పోయి ఏడాది కావస్తోంది. మూలనున్న ఆమె మిషను మీద కప్పిన గుడ్డని మామగారు రోజూ దులిపి మళ్ళీ కప్పుతాడు. ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఆమె దగ్గర నేర్చిన పద్ధతిలోనే పెద్దకోడలు గుడ్డని నలిపి వదిలింది. ముడతలు కాగితానికి పడ్డట్టు నిలబడిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. గంజి వాసన. బొటనవేలు నాలిక్కి అద్ది గుడ్డకు నొక్కింది. తడి అయిన చోట నేత బిగుసుకుని చిన్న గుంటలా లోపలికి పోయింది.

ఇది నీళ్ళు చూడని గుడ్డ. ఉతికితే జానెడు కాకపోయినా నాలుగు వేళ్ళయినా పోతుంది.

"ఈ గుడ్డ..." అని నోరు తెరిచింది.

చిన్నకోడలి చూపుడువేలు పెదవుల మీదికి వెళ్ళింది. సుద్దల డబ్బాకు ఆనించిన ఫోనులో వీడియో అప్పటికే నడుస్తోంది.

"అందరికీ నమస్కారం. ఇది రేపటి మాట."

పెద్దకోడలు నోరు మూసుకుంది. చేతిలో గుడ్డ అలాగే ఉంది. దుకాణాలు ఎలా మారతాయో, మనిషి గడప దాటకుండానే ఒంటికి సరిపడా బట్ట ఎలా ఇంటికొస్తుందో చిన్నది చెబుతోంది. వినేవాళ్ళు ఎక్కడెక్కడో వింటున్నారు. పెద్దకోడలు మొదట మండిపడింది. తరవాత, మాట ఇంకా సాగుతుండగానే, ఆ మంట మెల్లగా చల్లబడి ఇంకోలా మారింది. ఈ గదిలో రేపేం జరుగుతుందో తెలిసిన మనిషి తను. నెట్టు చెప్పలేదు, ఫోను చెప్పలేదు. తన బొటనవేలు చెప్పింది. ఆ తెలిసినదాన్ని నోట్లో ఉంచుకుంటే, ఎన్నాళ్ళుగానో లేని తీపి ఏదో నాలుక కింద ఊరింది.

"అయిందక్కా" అంది చిన్నకోడలు. "ఏదో అనబోయావు?"

"ఏం లేదు. రంగు బాగుంది."

మధ్యాహ్నం మాస్టరు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. తాను మీద అరచెయ్యి వేసి రాశాడు. ఆ అరచేతులు ఇప్పుడు మొద్దుబారాయి.

"తడిపారా అమ్మాయ్?"

"అక్కర్లేదు మామయ్యా. ఉతికి పంపిన గుడ్డే. అందులో రాసి ఉంది."

ఆయన తల పెద్దకోడలి మిషను వైపు తిప్పాడు. మసక చూపు కాబట్టి చూడటానికి కాదు, వినడానికి తిప్పాడు. గుడ్డ విషయంలో ఏ లోటున్నా ఆ మూల నుంచి మాట వచ్చేది. మొదట అత్తగారి నుంచి, ఆ తరవాత ఈవిడ నుంచి.

పెద్దకోడలు మిషను తొక్కింది. కుట్టడానికి ఆ నిమిషంలో సూది కింద ఏమీ లేదు, ఒక పాత పీలిక తప్ప. దాని మీదే అటూ ఇటూ కుట్టింది. మిషను చప్పుడు గదంతా నిండింది.

మాస్టరు తల వెనక్కి తిప్పుకున్నాడు. "సరే, కొయ్యి" అని కత్తెర చిన్నకోడలికి అందించాడు. "నేను గీత చెప్తాను. నీ కళ్ళు, నా మాట."

కత్తెర మొదటిసారి గుడ్డలోకి దిగిన చప్పుడు మిషను చప్పుడులోంచి కూడా పెద్దకోడలికి వినిపించింది.

*

కోసిన ముక్కలు కట్టలు కట్టలుగా ఆవిడ మిషను పక్కకు వచ్చాయి. ఆవిడ కుట్టింది. అంత శ్రద్ధగా ఎన్నడూ కుట్టలేదు. ఎవరూ కుట్టుకు వంక పెట్టకూడదు. వంకంతా గుడ్డదే కావాలి, కోసినవాళ్ళదే కావాలి. ముక్కల్లో పక్క కుట్లకి లోపల రెండేసి వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి ఉంది. కింద అంచు మడతకు నాలుగు వేళ్ళు. గుడ్డంతా లోపలే దాచింది, దీనికెవరు చెప్పారో అనుకుంది విసుగ్గా. విసుక్కుంటూనే ఆ మడతల్ని చక్కగా మడిచి కుట్టింది.

రాత్రి భర్త అడిగాడు. "ఏమోయ్, ఈ నాలుగు రోజులూ నవ్వుమొహంతో ఉన్నావు. సోదెమ్మ నీకేమన్నా జాతకం చెప్పిందా?"

"నాకు నేనే చెప్పుకున్నాను."

"ఏమని?"

"రేపు మీకే తెలుస్తుంది."

ఆయన ఆవిడ మొహం చూసి, అటు తిరిగి పడుకున్నాడు.

బట్టలు ఇచ్చిన రోజు బడి వరండా అంతా బూడిదరంగు. ఒక్క గౌను ఎక్కువలేదు, ఒక్క చొక్కా తక్కువలేదు. దిగువ భుజం పిల్లకు ఈసారి మెడ జారలేదు. అద్దమేదీ లేకపోతే ఆ పిల్ల కిటికీ గాజులో చూసుకుని, చేతులు చాపి గిర్రున తిరిగింది. వాళ్ళమ్మ చిన్నకోడలి రెండు చేతులూ పట్టుకుంది. హెడ్మిస్ట్రెస్ పిల్లల చేత చప్పట్లు కొట్టించింది.

పెద్దకోడలు కూడా చప్పట్లు కొట్టింది. ఉతకనీ, అనుకుంది. కానీ ఆ పిల్ల తిరగడం ఆపలేదు. గౌను గొడుగులా విచ్చుకుని కాళ్ళ చుట్టూ వాలుతోంది. పెద్దకోడలు చూపు పక్కకు తిప్పుకోవలసి వచ్చింది. నాలుక కింద తీపి ఆ పూటే మొదటిసారి కొంచెం వగరెక్కింది. ఇంటికి వెళ్ళేదారిలో చెబుదామా అనుకుంది. చిన్నది పక్కనే నడుస్తూ, "అక్కా, వచ్చే ఏడు మనం పక్క బడివాళ్ళని కూడా అడుగుదాం. మామయ్య కత్తెర నాకిస్తే..." అని ఏదో అంటోంది.

చెప్పలేదు.

*

సోమవారం పొద్దున హెడ్మిస్ట్రెస్ తనే వచ్చింది. చేతిలో ఒక గౌను ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టరుగారూ, ఇది చూడండి. ఒక్క ఉతుకే ఉతికారట. పిల్లకి మోకాళ్ళ పైకి వచ్చేసింది. చంకల్లో ఎత్తి పట్టేసింది. ఒక్కటి కాదు, అందరివీ ఇంతే. బడి గేటు దగ్గర తల్లులు నన్ను నిలబెట్టి కడిగేశారు."

మాస్టరు గౌను అందుకున్నాడు. భుజం నుంచి కింది అంచుదాకా చేత్తో రెండుసార్లు కొలుచుకున్నాడు. భుజం ఒకటి దిగువగా కోసి ఉందని ఆయన వేళ్ళకి తెలిసింది. పెద్దకోడలికి చూడకుండానే తెలిసింది, అది ఏ పిల్ల గౌనో.

"గుడ్డ తడవలేదు" అన్నాడు మాస్టరు. "ఇన్నేళ్ళలో ఈ గడప నుంచి తడపని గుడ్డ పోలేదు."

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పెద్దకోడలు ఎదురుచూసిన క్షణం ఇదే. ఇప్పుడు ఏడుస్తుంది. పేజీలో రాసి ఉందంటుంది. ఫోనుని అంటుంది.

"తప్పు నాదండీ" అంది చిన్నకోడలు. "అక్క చెప్పబోయింది. నేనే ఊరుకోమన్నాను."

ఫోను తీసి, ఆ రోజు మాట వెతికి, బల్ల మీద పెట్టింది. "ఇదిగో చూడండి. నిన్న రాత్రి ఎవరో తల్లి బట్టలు పొట్టిపడ్డాయని నా వీడియో కింద రాసింది. అనుమానం వచ్చి ఇది చూసుకున్నాను. వెనకాల చూడండి, అక్క చేతిలో గుడ్డ ఉంది. నలిపి చూసింది. నోరు తెరిచింది. నేను వేలు పెట్టాను. రేపటి గురించి ఊరికంతా చెప్తూ, చెప్పబోయిన మనిషి నోరు మూయించాను."

హెడ్మిస్ట్రెస్ వంగి చూసింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి పెద్దకోడలి భర్త కూడా వచ్చి చూశాడు. తెర మీద చిన్నకోడలి భుజం వెనక ఒకావిడ కనిపిస్తోంది. పిడికిట్లో గుడ్డ, విప్పిన పెదవులు, ఏదో మంచి చెప్పబోయి ఆగిపోయిన మొహం.

"అయితే మీ ఇంట్లో తెలిసినవాళ్ళు ఉన్నారన్నమాట. ఆవిడ మాట వినాల్సింది" అంది హెడ్మిస్ట్రెస్.

మాస్టరు బల్ల మీద తడిమాడు. కత్తెర చేతికి తగిలింది. దాన్ని తిప్పి, పిడి పెద్దకోడలి వైపు వచ్చేలా పట్టుకుని చాపాడు.

"మీ అత్త కూడా ఇదే అనేది. గుడ్డ తెలిసినవాళ్ళ చేతిలో ఉండాలని. తీసుకో పెద్దమ్మాయీ."

ఇనుప పిడి నల్లగా మెరుస్తోంది. మామగారి బొటనవేలు పట్టు పడి ఒక పక్క అరిగి ఉంది. చెయ్యి చాపితే చాలు. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. చెప్పబోయిన మాట నిజమే, ఊరుకోమన్న వేలు నిజమే. ఫోను చూపించినదంతా నిజమే. పెద్దకోడలు ఆ తెర మీది మనిషిని చూసింది. ఎంత మంచిదిలా ఉంది! ఆ వీడియో అయిపోయిన తరవాత ఏం జరిగిందో అందులో లేదు. పాత పీలిక మీద అటూ ఇటూ తొక్కిన కుట్టు అందులో లేదు.

ఆవిడ కళ్ళు గౌను మీద పడ్డాయి. దిగువ భుజం, పొట్టి అంచు.

"నేను చెప్పలేదు మామయ్యా."

"చెప్పబోయావు కదా."

"అప్పుడు ఊరుకోమంది, నిజమే. తరవాత అడిగింది, ఏమన్నావక్కా అని. రంగు బాగుందన్నాను. మీరు నావైపు తిరిగారు. నేను మిషను తొక్కాను." గౌను మీంచి చూపు తిప్పలేదు. "తెలిసీ చెప్పలేదు."

చాపిన కత్తెరను మాస్టరు ఎంతోసేపు అలాగే పట్టుకున్నాడు. చెయ్యి బరువెక్కినట్టు మెల్లగా దించి బల్ల మధ్యలో పెట్టాడు.

"ముందు బట్టలన్నీ తెప్పించండి" అన్నాడు. "కుట్లు విప్పండి."

*

రెండు రోజులు తోడికోడళ్ళిద్దరూ కుట్లు విప్పుతూ కూర్చున్నారు. ఫోను సుద్దల డబ్బా దగ్గరికి వెళ్ళలేదు. శ్రద్ధగా కుట్టిన కుట్లు విప్పడానికి రావు. పెద్దకోడలు తన కుట్టులో సూదిమొన దూర్చడానికి సందు దొరక్క తనను తానే తిట్టుకుంది. విప్పినకొద్దీ లోపల దాచిన గుడ్డ బయటికి వచ్చింది. పక్కలకు రెండేసి వేళ్ళు, అంచుకు నాలుగు. సరిగ్గా సరిపోతుంది. కొత్త గుడ్డ కొనే పనిలేదు.

"ఇంత లోపల వదలమని నీకెవరు చెప్పారు?" అంది చివరికి.

"నువ్వే. నాకు కాదులే, గుండీల బాబాయికి చెప్తుంటే విన్నాను. పిల్లలు పెరుగుతారు, రేపటికి కాస్త లోపల దాచాలీ అని."

పెద్దకోడలు దారపు ముక్కలు ఒళ్ళోంచి దులిపింది.

"ఎందుకు చెప్పలేదక్కా?" అని చిన్నకోడలు అడిగింది. తలెత్తకుండానే అడిగింది.

"నువ్వు ఏడుస్తుంటే చూడాలనిపించింది."

చిన్నకోడలు చేతిలో ఉన్న కుట్టు పూర్తిగా విప్పింది.

"ఏడవలేదుగా. నష్టపోయావు."

ఇస్త్రీ బల్ల దగ్గర పెద్దకోడలి భర్త దగ్గాడు. అది దగ్గో నవ్వో తెలియలేదు. ఆవిడకు మాత్రం కళ్ళు మండాయి. దారం నూగు పడిందన్నట్టు మోచేత్తో తుడుచుకుంది. చిన్నదాని మొహంలో ఇంకా నవ్వు లేదు. క్షమించినట్టు కూడా లేదు. అయినా పక్కనే కూర్చుంది, అదే చాప మీద.

బట్టలు బడికి తిరిగి వెళ్ళాక, మగపిల్లల ప్యాంట్ల గుడ్డ వచ్చింది. ముదురు నీలం, మిల్లుది. మాస్టరు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కత్తెర బల్ల మధ్యలో ఆయన పెట్టినచోటే ఉంది. ఆ సోమవారం నుంచీ దాన్ని ఎవరూ కదపలేదు.

చిన్నకోడలు తాను విప్పి బల్ల మీద పరిచింది. సుద్ద తీసుకుంది. కత్తెర వైపు చెయ్యి పోలేదు. తోడికోడలి వైపు చూసింది.

పెద్దకోడలు మిషను దగ్గర నుంచి లేచింది. గుడ్డ అంచు పిడికిట్లో నలిపింది, వదిలింది. వాసన చూసింది. బొటనవేలు అద్ది నొక్కింది. కత్తెరని పిడి పట్టుకుని తీసి, చిన్నకోడలి వైపు బల్ల మీద జరిపింది. దాన్ని అందుకోబోతుంటే తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఇది తడవాలి."

పెరట్లో తొట్టి నింపారు. తాను మొత్తం ముంచారు. నీళ్ళు నీలంగా మారాయి, బుడగలు లేచాయి. నానిన గుడ్డని ఎత్తడం ఒక్కరి వల్ల కాలేదు. ఒక కొస ఒకరు, ఇంకో కొస ఇంకొకరు పట్టుకుని తీగ దగ్గరికి నడిచారు. చిన్నకోడలు పిండబోయింది.

"పిండకు, ముడతలు నిలబడిపోతాయి. లాగి పట్టుకో. ఇంకొంచెం. ఊఁ, అలా కారనీ."

గుడ్డ బరువుకి ఇద్దరి చేతులూ లాగేస్తున్నాయి. నీళ్ళు ఇద్దరి పాదాల మీదా కారుతున్నాయి.

"ఎంత పొట్టిపడుతుందక్కా?"

పెద్దకోడలు నోటిదాకా వచ్చిన జవాబుని ఒక్క క్షణం ఆపుకుంది. గుడ్డని తీగ మీదికి విసిరి అంచులు సరిచేసింది.

"ఇప్పుడే చెప్పలేను" అంది. "ఆరాక కొలుద్దాం."